కొలిమి దగ్గర నాయనమ్మ

మా ఇంట్లో కూరగాయలు తరిగే కత్తిపీటకు, కత్తి పీటలోకి దిగే చోట, చిటికెన వేలు పట్టేంత గుండ్రటి బెజ్జం ఒకటి ఉంది. దానిలోంచి ఒక శీల దిగి కత్తిని పీటకు బిగించి పట్టుకుంటుంది. కొలిమిలో అంత చక్కని బెజ్జం ఎలా వేశారని ఇంటికి వచ్చినవాళ్లు అడుగుతుంటారు. అది మా తాత వేసినది కాదు. ఆ కత్తి ఒకప్పుడు లారీ కింద కమాను పట్టీ. పట్టీలన్నిటినీ ఒక కట్టగా బిగించడానికి నడుమ ఒక బోల్టు దిగుతుంది. ఆ బోల్టు బెజ్జమే ఇది. కమాను ఉక్కులో బెజ్జం వేయడం తేలిక కాదు. అందుకే తాత దాన్ని పోనివ్వకుండా, శీల అక్కడికే వచ్చేలా పట్టీని కొలుచుకుని నరికాడు. మా అమ్మ కాపురానికి వచ్చిన ఏడాది చేసి ఇచ్చాడట. నూరీ నూరీ ఇప్పుడు సగం వెడల్పే మిగిలింది కానీ పదును మాత్రం తగ్గలేదు.

చూసినవాళ్లందరూ తాతను మెచ్చుకుంటారు. నేనూ చాలా ఏళ్లు ఆయననే తలచుకున్నాను. అరవై దాటాక మా పెరట్లో నేనే ఒక కొలిమి కట్టుకుని, ఇనుము పాడుచేసి, చేతులు కాల్చుకున్న తరువాత గానీ తాత కమ్మరి సాలలో రెండో మనిషి ఏం చేసేదో నాకు తెలియలేదు. ఆ రెండో మనిషి మా నాయనమ్మ.

మాది నిజామాబాద్ జిల్లా, ఆర్మూరు అవతల ఒక పల్లె. ఇంటి వాకిట్లో వేపచెట్టు, దాని కింద గూనపెంకుల కమ్మరి సాల. చూరు ఎంత కిందికి ఉండేదంటే పెద్దవాళ్లు నడుము వంచి లోపలికి రావాలి. పట్టపగలు కూడా లోపల మసక చీకటే. పొగ పోదు, గాలి రాదు, ఒక కిటికీ పెట్టించు నాన్నా అని మా నాన్న ఎన్నోసార్లు అన్నాడు. తాత వినలేదు. ఎండ పడితే ఇనుము రంగు కనపడదు అనేవాడు. ఆ మాటలో ఎంత నిజం ఉందో, ఒక మధ్యాహ్నం ఆరుబయట ఉలి కాల్చి పాడుచేసుకున్నాక నాకు బోధపడింది. చీకట్లో పండు మిరపకాయలా కనిపించే ఎరుపు ఎండలో అసలు కనపడదు. ఇంకా కాలలేదనుకుని కాలుస్తూ పోతే ఉక్కు చెడిపోతుంది.

ఆ సాలలో అంగట్లో కొన్న పనిముట్టు ఆకురాయి, అంటే ఇనుమును అరగదీసే ఉక్కు పట్టీ, ఒక్కటే. మిగతావన్నీ ఇంకేదో అయి ఉండి, పని అయిపోయి, మా ఇంటికి చేరినవే. ఇనుమును పెట్టి కొట్టే దాగలి రోడ్డు రోలరు ఇరుసు ముక్క. తుమ్మ మొద్దులో నిలువుగా దింపి, మొద్దును నేలలో సగానికి పాతారు. సమ్మెట ఏదో పెద్ద యంత్రపు ఇనుప ముక్కకు పిడి బెజ్జం వేసి చేసింది. బెజ్జం వేయడానికి రెండు రోజులు పట్టిందని నాయనమ్మ చెప్పేది. ఇనుము నరికే ఉలులు లారీ ఇరుసు నుంచి, చిన్న కత్తులు అరిగిపోయిన ఆకురాళ్ల నుంచి వచ్చాయి. ఆకురాయి కొన్నది కూడా అరిగాక కత్తి అయ్యేది, కత్తి అరిగాక తోలు కోసే చిన్న రంపి అయ్యేది. పట్టకార్లు పదో పన్నెండో ఉండేవి, ఒక్కో పనికి ఒక్కో నోరు. గుండ్రటి కడ్డీని పట్టేది, పలక పట్టీని పట్టేది, గొడ్డలి కన్నంలో దూరి లోపలి నుంచి పట్టేది. కొత్త రకం పని వస్తే తాత ముందు ఆ పని ముట్టుకునేవాడు కాదు. దాన్ని పట్టుకోగలిగే పట్టకారు చేసుకునేవాడు. పూట అంతా దానికే పోయేది. వచ్చిన రైతు బయట కూర్చుని చుట్ట కాల్చుకుంటూ ఎదురుచూసేవాడు.

పాత ఇనుము గుర్తుపట్టడం తాతకు చెవితో పని. వేలికి వేలాడదీసి సుత్తితో తట్టేవాడు. కమాను పట్టీ గంటలా మోగుతుంది, మెత్తటి ఇనుము డబడబమంటుంది, పోత ఇనుము ముక్కలైన కుండలా పలుకుతుంది. పోత ఇనుమును కాల్చి కొడితే బెల్లం గడ్డలా చిట్లిపోతుందని నాకు ఏడేళ్లప్పుడే తెలుసు. పగిలిన కుట్టుమిషను కాలును దొంగతనంగా కొలిమిలో పెట్టి, ఒక్క దెబ్బ వేసి చూశాను కాబట్టి.

ఇక నాయనమ్మ పని. మా తిత్తులు మేకతోలువి, రెండు. తోలు సంచి వెనుక నోటికి రెండు వెదురు బద్దలు కుట్టి ఉండేవి. సంచిని పైకి ఎత్తేటప్పుడు వేళ్లు విప్పి నోరు తెరవాలి, గాలి నిండుతుంది. కిందికి అణిచేటప్పుడు వేళ్లు ముడిచి నోరు మూయాలి, గాలి మట్టి గొట్టంలోంచి నిప్పు అడుక్కు పోతుంది. కుడి చెయ్యి లేస్తుంటే ఎడమ చెయ్యి దిగుతుండాలి, అప్పుడే నిప్పుకు గాలి తెగకుండా అందుతుంది. ఆడుకుంటూ ఒకసారి నేను పట్టి చూశాను. నోరు మూయడం మరిచి అణిచేసరికి గాలి అంతా నా ముఖానే కొట్టింది. ఆమె పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా, మధ్యలో అన్నం వండి వచ్చి, పిల్లకు పాలిచ్చి వచ్చి, మళ్లీ ఆ తిత్తుల నడుమ కూర్చునేది. సమ్మెట వేయాల్సినప్పుడు లేచి కొంగు బిగించి సమ్మెట వేసేది కూడా ఆమే. ఊళ్లో ఎవరికీ అది వింతగా అనిపించేది కాదు. కమ్మరి ఇళ్లలో అది ఉన్న తీరే. కానీ పని చేయించుకున్నవాళ్లు తాత పేరుతోనే, చారి చేతి కొడవలి, చారి చేతి గొడ్డలి అనేవారు. గింజలు కొలిచేటప్పుడూ చారి పేరే.

రోహిణి కార్తె వచ్చిందంటే మా వాకిలి సంతలా ఉండేది. తొలకరి పడేలోగా ఊరి నాగళ్లన్నిటికీ కర్రులు సరిచేయాలి. డబ్బు ఎవరూ ఇచ్చేవారు కాదు. పంట ఇంటికి వచ్చాక కల్లం దగ్గరే ధాన్యం కొలిచేవారు. ఎవరి కర్రు ముందు, ఎవరిది వెనుక అని పోట్లాడుకుంటుంటే తాత తల ఎత్తేవాడు కాదు. వరస చూసేది నాయనమ్మ. పొలం దూరంగా ఉన్నవాడికి, ఎడ్లు అరువు తెచ్చుకున్నవాడికి ముందు చేయించేది. వేళకు ఎడ్లు తిరిగి ఇవ్వకపోతే ఆయన బతుకు ఏమవుతుంది అని గట్టిగా అడిగేది. ఎదురు మాట్లాడినవాళ్లను నేను చూడలేదు.

కొట్టేటప్పుడు మాటలు ఉండవు. తాత చేతిలో చిన్న సుత్తి, నాయనమ్మ చేతిలో సమ్మెట. చిన్న సుత్తి ఎక్కడ తాకితే సమ్మెట అక్కడ పడాలి. సుత్తి దెబ్బ గట్టిగా ఉంటే సమ్మెట గట్టిగా, మెల్లగా ఉంటే మెల్లగా. సుత్తి ఇనుమును వదిలి వట్టి దాగలి మీద టింగుమని మోగితే ఇక చాలని అర్థం. రాత్రి పడుకున్నాక కూడా నా చెవుల్లో అదే వరస వినిపించేది. ఒకటి సన్నంగా, ఒకటి లావుగా.

బండి చక్రానికి ఇనుప పట్టా వేసే రోజు మాత్రం పండుగ. వడ్రంగి చక్రం చేసి తెస్తాడు. పట్టాను చక్రం చుట్టుకొలత కంటే కొంచెం తక్కువగా చేసి అతకాలి. దాన్ని వాకిట్లో నేల మీద పరిచి, చుట్టూ పిడకలు పేర్చి నిప్పు పెడతారు. నాలుగు మీటర్ల పట్టా ఎర్రగా కాలితే దాదాపు మూడు సెంటీమీటర్లు సాగుతుంది. ఈ లెక్క నేను తరువాత పుస్తకం చూసి వేసుకున్నాను. తాత దగ్గర ఉన్నది ఒక నార తాడు, దానికి వేసిన ముడులు. నలుగురు నాలుగు పట్టకార్లతో పట్టాను లేపి చక్రం మీద దింపగానే కర్ర భగ్గుమని అంటుకునేది. అప్పుడు కుండలతో నీళ్లు. పట్టా చల్లారి బిగుసుకుంటుంటే చక్రం ఆకులు, నడిమి కుండ, చుట్టూ ఉన్న చెక్క పూటీలు అన్నీ ఒక్కసారి కిర్రుకిర్రుమని దగ్గరికి జరిగేవి. ఆ చప్పుడు కోసం ఊరి పిల్లలందరం కాచుకుని ఉండేవాళ్లం. నీళ్లు పోసే ఆడవాళ్లకు ఎక్కడ ముందు పోయాలో, ఎక్కడ ఆగాలో చెబుతూ చక్రం చుట్టూ తిరిగేది నాయనమ్మ. ఒకే పక్క ముందు చల్లారితే చక్రం వంకర పోతుంది.

పొద్దున్నే వచ్చేవాళ్లు బండలు కొట్టే వడ్డెరలు. రాతి ఉలులు ఏ రోజుకు ఆ రోజు మొద్దుబారతాయి. వాళ్ల పని చూడటం నాకు అన్నిటికంటే ఇష్టం. ఎందుకంటే అందులో రంగుల ఆట ఉంది. తాత ఉలి మొన కాల్చి, కొట్టి సూదిగా చేసి, మళ్లీ కాల్చి, ఒక్క అంగుళం మాత్రమే రాతి తొట్టి నీళ్లలో ముంచేవాడు. బయటికి తీసి మొనను ఇసుకరాయి మీద గబగబా రుద్దితే వెండిలా మెరిసేది. వెనుక భాగంలో మిగిలిన వేడి మెల్లగా మొన వైపు పాకుతుంటే, ఆ మెరుపు మీద రంగులు నడిచి వచ్చేవి. ముందు ఎండు గడ్డి రంగు, దాని వెనుక ఇటుక పొడి రంగు, తరువాత నేరేడు పండు, చివర నెమలి మెడ నీలం. రాతి ఉలికి గడ్డి రంగు మొనకు చేరగానే నీళ్లలో వేయాలి. గొడ్డలికి నేరేడు రంగు దాకా ఆగాలి. తొందరపడితే మొన విరుగుతుంది, ఆలస్యమైతే వంగుతుంది. గడ్డి రంగు సుమారు 220 డిగ్రీల దగ్గర, నీలం 300 దగ్గర వస్తాయని ఉద్యోగంలో చేరాక ఒక పట్టికలో చూశాను. పట్టిక చూస్తున్నంతసేపూ నాకు మా సాల వాసన వచ్చింది.

1974 ప్రాంతంలో తిత్తుల తోలు పూర్తిగా పాడైంది. కొత్త తోలుకు డబ్బు లేదు. తాత ఒక పాత సైకిలు చక్రం తెచ్చాడు. టైరు తీసేసి, గుంటలో తాడు వేసి, ఆ తాడును చిన్న కప్పీకి తగిలించాడు. కప్పీ ఇరుసుకు నూనె డబ్బా రేకుతో కోసిన నాలుగు రెక్కలు, వాటి చుట్టూ అదే రేకు డొక్కు. చక్రం పిడి పట్టి ఒక చుట్టు తిప్పితే రెక్కలు పన్నెండు చుట్లు తిరిగేవి. ఊరంతా వచ్చి చూసి వెళ్లింది. నాయనమ్మ నడుము నొప్పి తగ్గుతుందని అందరం సంతోషించాం. ఆమె రెండు రోజులు తిప్పి చూసి, దీనికి ఊపిరి ఆపడం రాదు అంది.

అప్పుడు ఆ మాట ఎవరికీ అర్థం కాలేదు. తిత్తి అయితే ఆమె వేళ్లతో గాలిని ఎంత కావాలంటే అంతే వదిలేది, కావాలంటే ఒక్క క్షణంలో ఆపేది. చక్రం అలా కాదు, చెయ్యి తీసినా కొంతసేపు దాని ఊపులో అది తిరుగుతూనే ఉంటుంది. మూడో రోజు ఆమే ఒక తగరపు మూత తీసుకుని, గొట్టానికి అడ్డంగా సందు కోయించి, మూత అందులో జరిగేలా పెట్టించింది. ఒక చేత్తో చక్రం, ఒక చేత్తో మూత. తాత ఏమీ అనకుండా ఆ మూతకు ఒక చిన్న పిడి చేసి పెట్టాడు.

నాకు పదేళ్లప్పుడు తాత ఒక చిన్న పట్టకారు చేసి ఇచ్చాడు. ఇంటి స్లాబులో వేసే సరియా కడ్డీ మిగులు ముక్కలు రెండు, మధ్యలో ఒక రివిటు. నా అరచేతిలో పట్టేంత. దానితో నేను చేసిన మొదటి వస్తువు ఒక కొక్కెం, దండెం తాడుకు. రెండోది నాయనమ్మకు తమలపాకు డబ్బా గొళ్లెం. ఆ గొళ్లెం వంకరగా ఉండేది, డబ్బా సరిగా మూసుకునేది కాదు. ఆమె దాన్ని మార్చలేదు.

తరువాతి కథ చాలా ఊళ్లదే. ట్రాక్టర్లు వచ్చాయి, నాగళ్లు అటకెక్కాయి. ఫ్యాక్టరీ కొడవళ్లు సంతలో గుట్టలుగా పోశారు. టైరు బండ్లు వచ్చాక ఇనుప పట్టాలు అడిగేవాళ్లు లేరు. నాన్న వెల్డింగు దుకాణం పెట్టుకున్నాడు, నేను చదువుకుని హైదరాబాదు వచ్చి బాలానగర్‌లో ఒక చిన్న కార్ఖానాలో లేతు మీద ముప్పై ఏళ్లు పని చేశాను. తాత పోయిన మూడేళ్లకు నాయనమ్మ పోయింది. సాల ఒక వానాకాలం కూలిపోయింది. దాగలిని ఎవరో పాత ఇనుము కింద తూకానికి అమ్మేశారని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆ రోజు అన్నం తినలేకపోయాను.

2020లో ఇంట్లోనే ఉండిపోవాల్సి వచ్చినప్పుడు పెరట్లో కొలిమి మొదలుపెట్టాను. లారీ బ్రేకు డ్రమ్ము ఒకటి పాత సామాన్ల దుకాణంలో దొరికింది. దాని నడిమి కన్నంలోకి నీళ్ల పైపు దింపి, పైన బెజ్జాలు వేసిన రేకు పెట్టి, లోపలంతా బంకమట్టి, ఊక బూడిద కలిపి మెత్తాను. దాగలికి రైలు పట్టా ముక్క. పట్టా ముక్కలు ఎవరి దగ్గర పడితే వాళ్ల దగ్గర కొనకూడదు, రైల్వే సొత్తును అక్రమంగా ఉంచుకోవడం 1966 నాటి చట్టం కింద నేరం. వేలంలో తీసుకున్నట్టు కాగితం ఉన్న వ్యాపారి దగ్గర అడుగున్నర ముక్క కొన్నాను. మీటరుకు 52 కిలోల రకం, అంటే నా ముక్క 24 కిలోల లోపు. మొదట అందరూ పెట్టినట్టే పడుకోబెట్టాను. దెబ్బ వేస్తే ఎగిరెగిరి పడింది. తాత ఇరుసు ముక్కను నిలువుగా ఎందుకు పాతాడో అప్పుడు గుర్తొచ్చి, దాన్ని నిలబెట్టి తుమ్మ మొద్దులో దింపాను. నిలబెడితే బరువంతా దెబ్బ కిందనే ఉంటుంది. అదే ముక్క, కానీ కొత్త దాగలి అయిపోయింది.

తప్పులు చాలా చేశాను. ఒకటి చెప్పి తీరాలి, ఎవరికైనా పనికొస్తుంది. జింకు పూత ఉన్న పైపును తెలిసీ తెలియక కాల్చాను. తెల్లటి పొగ, మంచు పొరకల్లాంటి బూడిద లేచాయి. ఆ రాత్రి చలి, జ్వరం, ఒళ్లు నొప్పులు, నోట్లో ఇనుము రుచి. తెల్లారేసరికి తగ్గింది కానీ, పూత ఉన్న ఇనుమును నిప్పులో పెట్టకూడదని తాత ఎప్పుడూ చెప్పలేదే అని బాధపడ్డాను. ఆయన చెప్పలేదు, ఎందుకంటే అలాంటి ఇనుము ఆయన సాలకు రాలేదు. ఇంకోసారి బేరింగు ఉంగరాన్ని సాగదీసి ముచ్చటగా కత్తి చేసి, రాతి ఉలిలాగే నీళ్లలో ముంచాను. టిక్ అని చిన్న చప్పుడు. కత్తి నిలువునా చీలింది. ఆ ఉక్కుకు నూనె కావాలి. ఇప్పుడు వేరుశనగ నూనెను కాస్త వేడిచేసి వాడుతున్నాను. పాత రేడియో స్పీకరు అయస్కాంతం కూడా పక్కన పెట్టుకుంటాను. 770 డిగ్రీలు దాటితే ఇనుము అయస్కాంతానికి అంటుకోదు, నూనెలో ముంచే వేడికి అది మంచి గుర్తు. తాతకు కళ్లు చెప్పేవి, నాకు అయస్కాంతం చెబుతోంది.

ఆ మధ్య కోనసముద్రం వెళ్లి వచ్చాను. మా ఊరి నుంచి దూరమేమీ కాదు, అయినా చిన్నప్పుడు ఎవరూ తీసుకువెళ్లలేదు. కమ్మర్‌పల్లి మండలంలో ఉంది, మండలం పేరులోనే కమ్మరి ఉన్నాడు. అక్కడ మూసల్లో, అంటే మట్టి పాత్రల్లో, కరిగించి తీసిన ఉక్కు కోసం పర్షియా నుంచి వర్తకులు వచ్చేవారు. 1820 ప్రాంతంలో వాయ్సీ అనే ఇంగ్లీషు వైద్యుడు అక్కడ పని చూసి రాసిపెట్టాడు, అది 1832లో కలకత్తాలో అచ్చయింది. రెండు రకాల ఇనుమును ఒక పాళ్లలో కలిపి మట్టి మూసల్లో మూసి కాల్చేవారని, తిత్తుల గాలితో నిప్పును రాత్రింబవళ్లు నిలబెట్టేవారని ఉంది. దిబ్బల మీద చిట్టెం, అంటే ఇనుములోంచి కరిగి వచ్చిన మలినం, ముక్కలు, పగిలిన మూసల పెంకులు ఇప్పటికీ కాళ్లకు తగులుతాయి. ఒక పెంకు చేతిలో పట్టుకుని నిలబడితే, ఇలాంటి ఉక్కుతో చేసేవారని చెప్పే డమాస్కస్ కత్తుల గురించి, వర్తకుల గురించి విన్నవి కాక, ఒక ప్రశ్న మాత్రం మిగిలింది. ఆ రాత్రులు తిత్తుల దగ్గర కూర్చున్నది ఎవరు? గాలి కాస్త ఎక్కువైతే మూస పగులుతుంది, తక్కువైతే లోపలిది కరగదు. అంతసేపు ఆ గాలిని చేతుల్లో పట్టుకున్నవాళ్ల పేర్లు ఎక్కడా లేవు.

ఈ ప్రశ్న నాకు ఊరికే రాలేదు. రెండేళ్లుగా నన్ను ఒక పని ఓడిస్తోంది. కర్రుకు అతుకు. వెల్డింగు కడ్డీ లేకుండా, రెండు ఇనుప ముక్కలను కాల్చి, ఒకదాని మీద ఒకటి పెట్టి కొట్టి ఒక్కటి చేయడం. ఏ కమ్మరికైనా వచ్చిన పనే, తాత రోజుకు పది చేసేవాడు. నాకు ముక్కలు అతుక్కోవు. లేదా అంచులు మతాబు పువ్వుల్లా రవ్వలు చిమ్ముతూ కాలిపోతాయి. కరెంటు పంకా పెట్టాను, వెలిగారం చల్లాను, బొగ్గు మార్చాను. చివరికి మా మేనత్తకు ఫోను చేశాను. ఆమెకు ఎనభై దాటాయి. పెళ్లికి ముందు నాయనమ్మ పొలం పోయినప్పుడల్లా తిత్తులు పట్టింది ఆమే.

నేను తాత ఎలా కాల్చేవాడని అడిగాను. ఆమె తాత గురించి చెప్పలేదు. అతుకు వేసేటప్పుడు మా అమ్మ గాలి తగ్గించేది బిడ్డా, అంది. నేను ఎప్పుడూ దానికి ఎదురే చేస్తున్నాను. వేడి ఎక్కువ కావాలని గాలి పెంచుతున్నాను. గాలి పెంచితే పైన కాలిపోతుంది, లోపల ఉడకదు. పైగా నిప్పులో ఖర్చు కాని గాలి ఇనుము మీద పొలుసు కట్టిస్తుంది, ఆ పొలుసే అతుకును పట్టనివ్వదు. నాయనమ్మ ముందు గట్టిగా ఊది, ఇనుము నారింజ రంగుకు రాగానే తగ్గించి, లోపలి దాకా వేడి దిగనిచ్చి, అప్పుడు చిటికెడు వాగు ఇసుక చల్లేది. ఇసుక కరిగి ఇనుము మీద నెయ్యి రాసినట్టు తడిగా మెరిసేది. ఆ తడి కనపడ్డాక మళ్లీ నాలుగు ఊపులు. తాత ఆమె ముఖం వైపు చూసేవాడట. ఆమె తల ఊపితే ఇనుము బయటికి తీసేవాడట. సాలలో పదేళ్లు ఆడుకున్నాను, నేను ఎప్పుడూ ఆయన చేతులే చూశాను.

కరెంటు పంకా తీసేశాను. పాత సైకిలు చక్రం, నూనె డబ్బా రేకు, గొట్టానికి అడ్డంగా జరిగే తగరపు మూత. ఊరి వాగు ఇసుక ఒక సంచి తెప్పించి, కడిగి, ఆరబెట్టి, జల్లించాను. మొన్న ఆదివారం మేనత్త మనవడితో కారులో వచ్చింది. పెరట్లో కుర్చీ వేస్తే వద్దని, పీట వేయించుకుని చక్రం దగ్గర కూర్చుంది. చీకటి పడేదాకా ఆగుదాం అంది. మసక వేళకు నిప్పు రాజేశాం. నేను పట్టకారు పట్టుకున్నాను, ఆమె ఒక చేత్తో చక్రం, ఒక చేత్తో మూత. ఇసుక ఆమే చల్లింది. ఇంకా కాలాలని నాకు అనిపిస్తుండగానే తల ఊపింది. తీశాను, దాగలి మీద పెట్టాను, కొట్టాను. ముక్కల నడుమ నుంచి కరిగిన చిట్టెం జివ్వున చిమ్మింది. రెండో దెబ్బకు సుత్తి చప్పుడు మారింది. రెండు ముక్కల మోత పోయి ఒక ముక్క మోత వచ్చింది.

చల్లారాక టార్చి వేసి చూశాం. నడుమంతా పట్టింది. ఒక అంచున వెంట్రుకవాసి సందు. మేనత్త ఆ సందు మీద గోరు పెట్టి అటూ ఇటూ నడిపింది. "ఇక్కడ తెరుచుకుంది బిడ్డా, ఇంకోసారి కాల్చు" అని చక్రం పిడి మీద చెయ్యి వేసింది.